మీటింగ్ నడపడం గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

కాకినాడ

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, దానికి నెలకి రెండు శనివారాలు సర్జరీ అంట, ఏం జబ్బో నా దగ్గర దాస్తోంది" అని ఒకటే ఏడుపు. నీలాంటి కౌన్సిలర్ కూర్చుని వార్డు జనం కష్టసుఖాలు వినే గంటనే ఇంగ్లండులో సర్జరీ అంటారని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నమ్మిందని మాత్రం చెప్పలేను. ముందు నువ్వోసారి ఫోన్ చెయ్యి.

ఇక నీ మెసేజ్ సంగతి. రెండేళ్లు వైస్ ఛైర్‌గా ఉండి ఇప్పుడు హౌసింగ్ కమిటీకి ఛైర్ అయ్యావంటే చాలా సంతోషం. మొదటి మీటింగే మూడు గంటలు సాగి ఒక్క తీర్మానం లేకుండా ముగిసిందని, రాత్రి నిద్ర పట్టలేదని రాశావు. టెన్షన్ పడకు. ఆ దేశంలో 31 ఏళ్లు కౌన్సిల్ ఆఫీసులో కమిటీ క్లర్కుగా చేసినవాణ్ణి. మూలన కూర్చుని ఎవరు ఏం నిర్ణయించారో మినిట్స్ రాసుకోవడమే నా ఉద్యోగం. నోరు తెరిచే హక్కు లేదు కాబట్టి చెవులు బాగా పనిచేశాయి. ఎంతమంది ఛైర్మన్లని చూశానో లెక్కలేదు.

ఎక్కడ పొరపాటు జరిగిందో నీ మెసేజ్ చివర్లో నువ్వే రాశావు: "అందరినీ మాట్లాడనిచ్చాను మామయ్యా, చర్చ చాలా బాగా జరిగింది." అలా బాగా జరిగిన చర్చలు నేను బోలెడు చూశాను. ఒక కౌన్సిల్లో, పేరెందుకులే, పిల్లల పార్కు గేటు గురించి గంటా నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆఖర్న ఛైర్మన్ "మంచి చర్చ, అందరికీ థాంక్స్" అని లేచి కోటు తొడుక్కున్నాడు. మినిట్స్‌లో ఏం రాయాలి? నాకు అర్థమైంది నేను రాశాను. పదిహేను రోజుల తర్వాత ముగ్గురు సభ్యులు విడివిడిగా ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే మాట: తాము చెప్పిందే పాసైంది, క్లర్కు తప్పు రాశాడు. తిట్లు నాకు పడ్డాయి. గేటు ఇంకో ఏడాది విరిగే ఉంది.

ఎవర్ని చూసి నేర్చుకోవాలి, చర్చిల్ ప్రసంగాలు వినమంటారా అని అడిగావు. వద్దు. చర్చిల్ పక్క కుర్చీలో అయిదేళ్లు కూర్చున్న మనిషిని చూడు. క్లెమెంట్ అట్లీ. మన స్వాతంత్ర్యం నాటి బ్రిటన్ ప్రధానమంత్రి అని బడిలో ఒక మార్కు ప్రశ్నగా చదివి ఉంటావు. నా దృష్టిలో ఆయన గత శతాబ్దంలో ఆ దేశం చూసిన అతి మంచి కమిటీ ఛైర్మన్. ప్రధానమంత్రి అన్నది ఆ తర్వాతి మాట.

1883లో లండన్లో పుట్నీ అనే చోట పుట్టాడు. తండ్రి సొలిసిటరు, ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఏడోవాడు, నోట్లోంచి మాట రానంత సిగ్గరి. చదివింది హెయిలీబరీ స్కూల్లో. ఆ స్థలంలోనే అంతకుముందు ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే కాలేజీ ఉండేది. మన బ్రౌన్ దొర, అదే సి.పి. బ్రౌన్, అక్కడ చదివే 1817లో మద్రాసు వచ్చాడు. ఇది నీ మీటింగుకి పనికొచ్చే విషయం కాదులే, కానీ ఆ ఊరి పేరు వింటే నాకు బ్రౌన్ గుర్తొస్తాడు, చెప్పకుండా ఉండలేను.

ఆక్స్‌ఫర్డు అయ్యాక తండ్రిలాగే లా వైపు వెళ్లాడు. 1905లో ఓ సాయంత్రం, లండన్ తూర్పు పేటల్లో కూలీల పిల్లల కోసం తన పాత స్కూలు నడిపే క్లబ్బు చూద్దామని వెళ్లాడు. చూసొద్దామని వెళ్లినవాడు రెండేళ్లకి దాని మేనేజరయ్యాడు, మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ తూర్పు పేటల్లోనే కాపురం పెట్టాడు. ఆ రోజుల గురించి ఒక కథ చెప్తారు. వీధిలో ఓ చిన్నపిల్ల ఎదురై "ఎక్కడికి వెళ్తున్నారు అట్లీగారూ?" అంటే, "ఇంటికెళ్లి టీ తాగడానికి" అన్నాట్ట. ఆ పిల్ల, "నేనూ ఇంటికే, టీ ఏమన్నా ఉందేమో చూడ్డానికి" అందిట. ఆయన రాజకీయాలన్నీ ఆ రెండు జవాబుల మధ్య ఉన్న తేడాలోంచి పుట్టాయని నా అభిప్రాయం. కాలేజీ రోజుల్లో టోరీగా, అంటే కన్సర్వేటివ్ పార్టీ వైపు ఉన్నవాడు 1908లో సోషలిస్టుల పార్టీలో చేరాడు.

కాబట్టి నా మొదటి సలహా మీటింగ్ గది బయటిది. నీ కమిటీ కింద ఉన్న ఫ్లాట్లకి వెళ్లు. ఆఫీసర్లతో కాదు, ఒక్కదానివే, ఏ నవంబరులోనో చీకటి పడ్డాక. లిఫ్టు పాడైతే నడిచి ఎక్కు. పిల్లలు పడుకునే గది గోడల మీద బూజు ఎంత ఎత్తు దాకా పాకిందో చూడు. ఆ తర్వాత మీటింగులో ఎవరైనా "తేమ సమస్యలు కొంతమేర ఉన్నట్టు నివేదికలు" అని చదువుతుంటే ఏ ప్రశ్న అడగాలో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అట్లీ ఇదే పని చేసినవాడు. 1911లో ప్రభుత్వం కొత్తగా తెచ్చిన బీమా చట్టాన్ని జనానికి వివరించే ఉద్యోగం దొరికితే, ఎసెక్స్, సోమర్సెట్ పల్లెల్లో సైకిలేసుకుని తిరిగి చెప్పాడు. యుద్ధంలో గలిపోలీ, మెసపొటేమియా రణరంగాలన్నీ చూసి మేజరుగా తిరిగొచ్చాడు. గలిపోలీలోని సువ్లా తీరంనుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు చివర్నుంచి రెండోవాడుగా పడవెక్కింది ఈయనే. అదే యుద్ధంలో ఆయన అన్న టామ్ తుపాకీ పట్టనని భీష్మించి జైలుకెళ్లాడు. 1919లో అట్లీ అదే తూర్పు పేటల్లో స్టెప్నీకి మేయరయ్యాడు. అద్దె ఇళ్లు కూలిపోతున్నా పట్టించుకోని ఓనర్లకి కౌన్సిల్ చేత నోటీసులు ఇప్పించి మరమ్మతులు చేయించాడు. శానిటరీ ఇన్‌స్పెక్టర్లని పెట్టించాడు. వందేళ్ల కిందట సరిగ్గా నీ కుర్చీ పనే చేశాడన్నమాట. 1922లో లైమ్‌హౌస్ నుంచి పార్లమెంటుకి వెళ్లాడు.

సైమన్ గో బ్యాక్ అని మనవాళ్లు నల్లజెండాలు పట్టిన కమిషన్లో ఈయన కూడా సభ్యుడే, తెలుసా? ఏడుగురు సభ్యులు, ఒక్క భారతీయుడు లేడు. 1928 ఫిబ్రవరిలో వాళ్లు బొంబాయిలో దిగినప్పుడే మద్రాసులో ప్రకాశం పంతులుగారు తుపాకులకి ఎదురుగా గుండె చూపించి ఆంధ్రకేసరి అయ్యారు. మన ఇళ్లలో సైమన్ పేరు తిట్టే, అట్లీ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఈ కమిషన్ పని వల్ల మంత్రి పదవికి అడ్డుండదని పార్టీ పెద్దలు మాటిచ్చారు, 1929లో ప్రభుత్వం రాగానే ఆ మాట తప్పారు. ఆయన ఆ సంగతిని రచ్చకెక్కించలేదు. కానీ అప్పుడు మన దేశం గురించి చదివిందీ చూసిందీ ఇరవై ఏళ్ల తర్వాత పనికొచ్చింది. నీకు కూడా మొదట్లో ఎవరూ కోరని కమిటీలు అంటగడతారు. కాగితాలు చదువు.

1931లో ఆయన లేబర్ పార్టీ ఊడ్చిపెట్టుకుపోయింది, 52 సీట్లు మిగిలాయి. పెద్ద తలకాయలు చాలావరకు ఓడిపోయాయి. అట్లీ 551 ఓట్లతో బయటపడ్డాడు. 1935లో నాయకుడు లాన్స్‌బరీ రాజీనామా చేస్తే తాత్కాలికంగా ఈయన్ని కూర్చోబెట్టారు. ఆ తాత్కాలికం 20 ఏళ్లు సాగింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న కథ. రెండో ప్రపంచ యుద్ధంలో సంకీర్ణ ప్రభుత్వం, చర్చిల్ ప్రధాని, అట్లీ ఉపప్రధాని. చర్చిల్ విదేశాలకి వెళ్తే కేబినెట్ అధ్యక్షత అట్లీది. ఆయన కుర్చీలో ఉన్న రోజు మీటింగు తొందరగా ముగిసి, అజెండా అంతా అయిపోయేదని సాటి మంత్రులు చెప్పుకున్నారు. చర్చిల్ ఉన్న రోజు కబుర్లు గొప్పగా ఉండేవి, కాగితాలు కదిలేవి కావు. 1945 జనవరిలో అట్లీ ఓపిక నశించి చర్చిల్‌కి ఒక ఉత్తరం రాశాడు. సెక్రటరీలు చూస్తే పరువు పోతుందని తనే కూర్చుని టైపు చేశాడు. టైపింగు అంతంతమాత్రం, అచ్చుతప్పులు కూడా పడ్డాయట. అందులో ఏముందంటే: మీరు కమిటీలు కష్టపడి తయారుచేసిన కాగితాలు చదవకుండా వస్తున్నారు, రెండు మూడు నిమిషాలు చదివితే తెలిసే విషయాన్ని మీకు వివరించడానికి అరగంట పోతోంది, ఎక్కడో ఒక మాట మీ కంట పడితే దానిమీద ప్రసంగం మొదలుపెడతారు, దానికీ అసలు విషయానికీ సంబంధం ఉండదు.

చర్చిల్ మండిపడ్డాడు. ఆ మంట మీదే ఉత్తరాన్ని భార్యకి చెప్తే, ఆవిడ "ఆయన చెప్పింది నిజమే, ధైర్యంగా చెప్పాడు" అన్న అర్థంలో మాట్లాడింది. ఆప్త మిత్రుడు బీవర్‌బ్రుక్‌కి చెప్తే ఆయన కూడా మంచి ఉత్తరమే అన్నాడు. ఆఖరికి చర్చిల్ మర్యాదగా రెండు ముక్కలు జవాబు రాశాడు.

బుజ్జీ, ఆ ఉత్తరాన్ని నీకోసమే రాశారనుకో. మీ అజెండా కాగితాలు అయిదు పనిదినాల ముందే జనానికి అందుబాటులో ఉంచాలని చట్టం ఉంది. అంటే చదవడానికి నీకు ఒక శని, ఆదివారం తప్పకుండా దొరుకుతాయి. నువ్వు చదవాలి, మిగతావాళ్లు చదివారనే లెక్కలోనే మీటింగ్ మొదలుపెట్టాలి. ప్రధాని అయ్యాక అట్లీ మంత్రులతో ఇలాగే ఉండేవాడు. కాగితంలో ఉన్నదాన్ని ఎవరైనా మళ్లీ చదవబోతే, కాగితంలో లేనిదేమైనా చెప్పాలా అని అడిగేవాడు. లేదంటే తర్వాతి అంశం. చివర్లో తనే రెండు వాక్యాల్లో నిర్ణయం ఇదీ అని చెప్పేవాడు. క్లర్కు పెన్ను ఆ రెండు వాక్యాల కోసమే చూస్తూ ఉంటుంది, నాకు తెలుసు. ప్రజాస్వామ్యం అంటే చర్చించి పాలించడమే, కాకపోతే జనాన్ని మాట్లాడకుండా ఆపగలిగితేనే అది పనిచేస్తుందని తర్వాత ఆయనే ఓ సభలో అన్నాడు. నేనైతే దాన్ని ఫ్రేము కట్టించి ప్రతి కౌన్సిల్ గదిలో పెట్టిస్తాను.

ఆపడం అంటే కసురుకోవడం కాదు. "మీ మాట అర్థమైంది, దీన్ని తీర్మానంలో ఎలా రాయమంటారు?" అని అడుగు. మాటలు కోటలు దాటించే పెద్దమనుషులు అక్కడితో నూటికి తొంభైమంది ఆగిపోతారు. మిగిలిన పదిమంది దగ్గర నిజంగా చెప్పాల్సింది ఉంటుంది, వాళ్లని మాట్లాడనివ్వు. ప్రతి అంశం చివర ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి అన్నది పైకి చెప్పి, క్లర్కు వైపు చూడు. ఆయన తలూపాకే ముందుకెళ్లు. ఏ దేశంలోనైనా క్లర్కుతో మంచిగా ఉండు, ఈ సలహాలో నా కులాభిమానం ఉందని ఒప్పుకుంటున్నాను.

నీ గ్రూపులోనే నీ కుర్చీ మీద కన్నేసినవాళ్లు ఇద్దరున్నారని కూడా రాశావు. ఇద్దరేనా? 1945 జులై 26న ఓట్ల లెక్కింపులో లేబర్‌కి 393 సీట్లు వచ్చాయి, చర్చిల్ ఓడిపోయాడు. ఆ రోజే పార్టీలో ఆయనకి పోటీదారు మోరిసన్, ముందు పార్టీ ఎంపీలు నాయకుణ్ణి మళ్లీ ఎన్నుకోవాలి, ఆ తర్వాతే రాజుగారి దగ్గరికి వెళ్లాలి అని పేచీ పెట్టాడు. మోరిసన్ ఫోన్ మాట్లాడటానికి పక్క గదిలోకి వెళ్లగానే, అట్లీ పక్షాన ఉన్న బెవిన్, "క్లెమ్, నువ్వు వెంటనే ప్యాలెస్‌కి వెళ్లు" అన్నాడు. వెళ్లాడు. ఆయన భార్య వయొలెట్ వాళ్ల సొంత చిన్న కారు నడుపుతూ దింపింది.

1947 సెప్టెంబరులో ఇంకో కుట్ర. బొగ్గు కొరత, డాలర్ల కొరత, దేశం అల్లాడుతోంది. సాటి మంత్రి క్రిప్స్ నేరుగా వచ్చి, మీరు తప్పుకుని బెవిన్‌కి ప్రధాని పదవి ఇవ్వండి అన్నాడు. అట్లీ కోపం తెచ్చుకోలేదు. అక్కడికక్కడే బెవిన్‌కి ఫోన్ చేసి, ఈ ఉద్యోగం నీకు కావాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాడు బెవిన్. ఫోన్ పెట్టేసి, క్రిప్స్‌కి దేశ ఆర్థిక వ్యవహారాల శాఖ ఇచ్చాడు. అంత తెలివైనవాడివి, అంత బెంగ ఉంటే నువ్వే బాగుచెయ్యి అన్నట్టు. నీ ఇద్దరిలో ఎక్కువ అరిచేవాడికి మరమ్మతుల సబ్‌కమిటీ అప్పజెప్పి చూడు.

అయితే మెతకవాడు అనుకోకు. 1945లో పార్టీ ఛైర్మన్ లాస్కీ ప్రభుత్వం తరఫున తన ఇష్టం వచ్చినట్టు ప్రకటనలు చేస్తుంటే, మీరు కొంతకాలం మౌనంగా ఉంటే సంతోషిస్తాం అని చిన్న ఉత్తరం ముక్క రాసి పడేశాడు. అదే ఏడాది కేబినెట్లో ఆస్పత్రుల గొడవ వచ్చింది. ఆస్పత్రులు కౌన్సిళ్ల చేతిలోనే ఉండాలని మోరిసన్, కాదు, దేశం మొత్తానికీ ఒకే సంస్థ కావాలని బెవన్. (బెవిన్ వేరు, బెవన్ వేరు, కంగారుపడకు. ఈయన వేల్స్ బొగ్గుగనుల్లోంచి వచ్చినవాడు.) అట్లీ ఇద్దరినీ పూర్తిగా వాదించుకోనిచ్చి, బెవన్ వైపు తేల్చాడు. 1948 జులై 5న ఎన్‌హెచ్ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ, మొదలైంది. నీకు జీతం ఇస్తున్నదీ, మనవాళ్లు ఎందరో డాక్టర్లుగా, నర్సులుగా బతుకుతున్నదీ ఆ తేల్చడం వల్లే. ఎటూ తేల్చకుండా వదిలేసి ఉంటే ఇంకా మంచి చర్చ జరుగుతూనే ఉండేది.

నేను ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం లేదు. మన సంగతే తీసుకో. 1947 ఫిబ్రవరి 20న, 1948 జూన్ లోపు ఇండియాని వదిలేస్తామని పార్లమెంటులో తేదీ చెప్పాడు. తేదీ పెడితేనే ఇక్కడి నాయకులు ఓ దారికొస్తారని ఆయన నమ్మకం. తేదీ పెట్టడం సరైన పనేనని నేను కూడా ఒప్పుకుంటాను, అంతకుముందు ఏ ప్రధానీ ఆ ధైర్యం చెయ్యలేదు. కానీ ఆయనే పంపిన మౌంట్‌బాటన్ దాన్ని ఆగస్టుకి లాగేస్తే కాదనలేదు. సరిహద్దు గీత ఎక్కడ గీశారో ఆగస్టు 17న గానీ జనానికి చెప్పలేదు. అప్పటికి రెండు దేశాలూ పుట్టి రెండు రోజులైంది. పంజాబులో, బెంగాల్లో లక్షలమంది చచ్చిపోయారు. ఆ గీత మీద కాపురాలున్నవాళ్లని అడిగినవాడు ఎవడూ లేడు. ఇరవై ఏళ్ల వయసులో ఈ విషయం మీద మా నాన్నతో, అంటే మీ తాతయ్యతో, ఎన్ని రాత్రులు వాదించానో. ఆయన అట్లీని మెచ్చుకునేవాడు, నేను తిట్టేవాణ్ణి. ఇప్పుడు నాకు ఆయన వయసు దాటింది, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

మితభాషికి ఉండే జబ్బు ఇంకోటుంది, చెప్పాల్సింది కూడా చెప్పకపోవడం. 1947 జనవరిలో బ్రిటన్ సొంత అణుబాంబు చేసుకోవాలన్న నిర్ణయాన్ని కొద్దిమంది మంత్రులతో ఓ చిన్న గదిలో తీసుకున్నాడు, పూర్తి కేబినెట్‌కి చెప్పలేదు. 1951లో అల్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కట్టుడు పళ్లకీ కళ్లజోళ్లకీ డబ్బు వసూలు చెయ్యాలన్న ప్రతిపాదన మీద బెవన్ రాజీనామా చేశాడు. అట్లీ బయట ఉండుంటే ఆపగలిగేవాడేమో. ఆ అక్టోబరు ఎన్నికల్లో టోరీలకంటే లేబర్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం తక్కువ వచ్చి దిగిపోయాడు. అందుకని నీ నిర్ణయాలు వాట్సాప్‌లో ముగ్గురితో ముందే తేల్చేసుకుని మీటింగ్‌ని తంతుగా మార్చకు. అలాంటి ఛైర్మన్లనీ చూశాను. అక్కడ మినిట్స్ రాయడం చాలా సుఖం, జనానికే కష్టం.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. ఖాళీ టాక్సీ ఆగింది, అందులోంచి అట్లీ దిగాడు అన్న జోకుని చర్చిల్ పేరుతో నువ్వు ఫార్వర్డ్ చేశావు. ఆ మాట తను అనలేదని, అట్లీ దేశానికి సేవచేసిన పెద్దమనిషని చర్చిల్ స్వయంగా కసిరాడు. డిలీట్ చేసెయ్.

1955లో నాయకత్వం వదిలి ప్రభువుల సభకి వెళ్లాడు, 1967 అక్టోబరులో పోయాడు. అన్నేళ్లు ఆ పదవుల్లో ఉండి వెనకేసుకున్నది మొత్తం 7,295 పౌండ్లు. మనవాళ్ల అఫిడవిట్లు చూసిన కళ్లతో ఆ అంకె చదివి ఒక సున్నా పడిపోయిందేమో అనుకున్నాను.

నీ తర్వాతి మీటింగ్ మినిట్స్ వెబ్‌సైట్లో పెట్టగానే లింకు పంపు. ప్రింటు తీయించుకుని దిద్దుతాను, ఎర్ర పెన్ను కొని ఉంచాను. మీ అమ్మకి మాత్రం ఈ రాత్రే ఫోన్ చెయ్యి. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని నిన్న సాయంత్రం కూడా పక్కింటివాళ్లకి చెప్తోంది.

మీ మామయ్య